బసవపురాణంలో ప్రార్థన: మౌనం ముందు, పందెం ముందు
(విడపనకల్లు పరిసరాల చారిత్రక నేపథ్యంలో ఒక పరిశీలన)

వ్యాససంగ్రహం

పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో భక్తుడు శివునితో మాట్లాడే ఘట్టాలు ప్రధానంగా రెండు రకాల సందర్భాల్లో వస్తాయి. కొన్నింటిలో భక్తునికి ఎదురయ్యే ప్రతికూలత శివుని మౌనమే. మరికొన్నింటిలో పరమతస్థుల సవాలు. ముగ్ధభక్తుల కథలు మొదటి వర్గానికి, ఏకాంతరామయ్య కథ రెండో వర్గానికి చెందుతాయి. సందర్భం మారినప్పుడు ప్రార్థన స్వభావం కూడా మారుతుందని, ఆ మార్పును కావ్యం సమన్వయించకుండా అలాగే వదిలివేసిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అబ్బలూరు శాసనాన్ని, అనంతపురం జిల్లా కొనకొండ్లలోని జైన అవశేషాలను ఈ పరిశీలనకు ఆధారంగా తీసుకుంటుంది.

కీలకపదాలు: బసవపురాణం, ముగ్ధభక్తి, వీరశైవం, జైనం, ఏకాంతరామయ్య, కొనకొండ్ల, విడపనకల్లు.

1. ఉపోద్ఘాతం

అనంతపురం జిల్లా వాయవ్య దిశలో, బళ్లారి సరిహద్దును ఆనుకొని ఉన్న మండలం విడపనకల్లు. విడపనకల్లు, డోణేకల్లు, గడేకల్లు అన్న ఊరిపేర్ల చివరి ‘కల్లు’ కన్నడంలో రాయి. 1882లో అనంతపురం ప్రత్యేక జిల్లాగా ఏర్పడక ముందు ఈ ప్రాంతమంతా బళ్లారి జిల్లాలోనిదే. ఇక్కడి జనవ్యవహారంలో తెలుగు, కన్నడాలు ఒకదానిలోకి ఒకటి ప్రవహిస్తాయి. నల్లరేగడి నేలలున్నా వాన నమ్మకమైనది కాదు. జిల్లా సగటు వార్షిక వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. వానల కోసం విరాటపర్వం చదివించడం తెలుగునాట చిరకాలంగా ఉన్న ఆచారం. దైవాన్ని అడగడం, అడిగినది దక్కకపోవడం, మళ్లీ అడగడం ఇలాంటి మెట్టప్రాంతపు జీవితంలో కొత్త విషయాలు కావు.

ఈ ప్రాంతాన్ని తెలుగు సాహిత్య విమర్శకు ముఖ్యం చేసే అంశం మరొకటి ఉంది. దక్షిణాన ఉరవకొండలో వీరశైవుల గవిమఠం ఉంది. ‘గవి’ అంటే కన్నడంలో గుహ. చంద్రమౌళీశ్వరుని రథోత్సవంతో ఆ మఠం నేటికీ సజీవంగా ఉన్న ధార్మిక కేంద్రం. మరోవైపు, సమీప వజ్రకరూరు మండలంలోని కొనకొండ్ల ఒకనాటి ప్రసిద్ధ జైనక్షేత్రం. శాసనాల్లో కనిపించే ‘కొండకుందె’ ఇదేననీ, దిగంబర జైనాచార్యుడైన కుందకుందుని పేరు ఈ ఊరితో ముడిపడి ఉందనీ చరిత్రకారులు భావిస్తారు. ఈ విషయంలో పి.బి. దేశాయి 1957లో ప్రచురించిన దక్షిణభారత జైనమత గ్రంథం ప్రామాణికం. ఈ విధంగా ఒకే మెట్టనేల మీద, ఒక పగటి నడకలో చుట్టి రాగల దూరంలో, బసవపురాణంలో పరస్పరం తలపడిన రెండు మతాల ఆనవాళ్లు నిలిచి ఉన్నాయి. ఒకటి మఠంగా బతికి ఉంది. రెండోది గుట్ట మీది శిల్పంగా మిగిలింది.

బసవపురాణంపై వచ్చిన విమర్శ విస్తారమైనది. సి.పి. బ్రౌన్ జంగముల మతాచారాల గురించి, వాఙ్మయం గురించి 1840లోనే మద్రాసు సాహిత్య విజ్ఞాన పత్రికలో రాశాడు. వేటూరి ప్రభాకరశాస్త్రి పరిష్కరణతో, పీఠికతో ఈ కావ్యం ఆధునిక పాఠకులకు అందింది. వెల్చేరు నారాయణరావు, జీన్ రోఘెయిర్‌ల ఆంగ్లానువాదం 1990లో ప్రిన్స్‌టన్ నుండి వెలువడింది. ఈ పరంపరలో సోమనాథుని దేశికవితా దీక్ష, ద్విపద ప్రీతి, జానుతెనుగు, కులవ్యవస్థపై తిరుగుబాటు చర్చకు వచ్చినంతగా ఆయన భక్తులు శివునితో ఏమి మాట్లాడతారు, ఎలా మాట్లాడతారు, ఎవరు వింటుండగా మాట్లాడతారు అన్న ప్రశ్నలు రాలేదు. భక్తి కావ్యంలో ప్రార్థన ఎలాగూ ఉంటుందన్న భావమే దీనికి కారణం కావచ్చు. అయితే ఆ ప్రార్థనను కావ్యనిర్మాణంలో భాగంగా చూసినప్పుడు బసవపురాణంలో ఇంతవరకు అంతగా గుర్తించని ఒక చీలిక బయటపడుతుంది.

2. అడగని ప్రార్థన

‘ప్రార్థన’ అన్న మాటలోని ‘అర్థ’ ధాతువుకు యాచించడమని అర్థం. నిఘంటువు ప్రకారం చూస్తే ప్రార్థన అంటే అడగడమే. సోమనాథుని ముగ్ధభక్తులను ఈ అర్థంతో కొలిస్తే వారెవరూ ప్రార్థించేవారు కారు. రుద్రపశుపతి, బెజ్జమహాదేవి, గొడగూచి ముగ్గురూ తమకోసం ఏమీ అడగరు. వారి గొడవంతా శివుని గురించే.

రుద్రపశుపతి కథ ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. పురాణశ్రవణంలో అతడు క్షీరసాగర మథన ఘట్టం వింటాడు. శివుడు విషం మింగాడన్న మాట చెవిన పడుతుంది. పక్కనున్న శ్రోతలందరికీ ఆ కథ ముగింపు తెలుసు. వారికది పుణ్యకథ. రుద్రపశుపతికి మాత్రం అది ఇప్పుడే అందిన దుర్వార్త. విషం మింగినవాడు బతుకుతాడా అన్న దిగులుతో అతడు అల్లాడిపోతాడు. శివునికి ఏమీ కాదన్న పెద్దల మాటను నమ్మడు. నీటిలో పడి ప్రాణం విడవడానికి సిద్ధపడతాడు. శివుడు ప్రత్యక్షమై తాను క్షేమంగా ఉన్నానని చెప్పినా అతని భయం తీరదు. చివరికి శివుని తొడమీద కూర్చొని, గొంతులోని విషం కిందికి దిగకుండా చూస్తూ కాపలా ఉంటాడు.

ఈ కథ ప్రత్యేకత తమిళ మూలంతో పోల్చినప్పుడు మరింత తెలుస్తుంది. 12వ శతాబ్దంలో శేక్కిళార్ రచించిన పెరియపురాణంలో రుద్రపశుపతి వేదవిదుడైన బ్రాహ్మణుడు. కొలనులో కంఠం దాకా నీటిలో నిలబడి రాత్రింబగళ్లు శ్రీరుద్రాన్ని జపించడమే అతని భక్తి. అక్కడ నీరు నియమానికి గుర్తు. సోమనాథుని కథలో వేదమంత్రం లేదు, జపం లేదు, నియమం లేదు. నీరు మాత్రం మిగిలింది. అదీ తపస్సు కోసం కాదు, చావడానికి. నిర్ణీతమైన మంత్రాన్ని తొలగించి ఆ స్థానంలో ఒక అమాయకుని ఆందోళనను నిలపడం బసవపురాణం చేసిన పెద్ద మార్పు. దీన్ని వేదవిరోధంగా మాత్రమే చూసి వదిలేస్తే నష్టం జరుగుతుంది. మంత్రానికి ఫలం నిర్ణయమై ఉంటుంది. ఆందోళనకు ఫలం నిర్ణయమై ఉండదు. శివుడు వస్తాడో రాడో రుద్రపశుపతికి తెలియదు. వచ్చిన తరువాత కూడా శివుని మాట మీద అతనికి పూర్తి నమ్మకం కుదరదు.

ఇక్కడ ఒక వైరుధ్యం ఉంది. సంప్రదాయ వ్యాఖ్యానం రుద్రపశుపతిని అచంచల విశ్వాసానికి ప్రతీకగా చూపుతుంది. కథ చెప్పేది మరొకటి. అతడు పురాణాన్ని నమ్మాడు గాని పురాణం భరోసా ఇచ్చిన ముగింపును నమ్మలేదు. శివుని ఉనికిని నమ్మాడు గాని శివుని సర్వశక్తిని నమ్మలేదు. అతని నమ్మిక సిద్ధాంతం కాదు, ఒక సంబంధం. ఇంట్లో జబ్బుపడ్డ మనిషి తనకేమీ కాలేదని చెప్పినా పక్కన కూర్చున్నవారు కళ్లార్పకుండా చూస్తూ ఉండటం లాంటిది.

బెజ్జమహాదేవి కథ ఈ సంబంధానికి మరో బంధుత్వాన్ని ఇస్తుంది. అందరికీ తల్లులున్నారు, శివునికి తల్లి లేదు. తల్లే ఉంటే విషం తాగనిచ్చేదా, ఒంటికి బూడిద పూసుకోనిచ్చేదా, పాములు చుట్టుకోనిచ్చేదా అని ఆమె వాదం. శైవవాఙ్మయం తరతరాలుగా మహిమలుగా కీర్తించిన లక్షణాలన్నీ ఆమె దృష్టిలో తల్లి లేని బిడ్డ పడ్డ పాట్లు. అందుకే తానే తల్లియై లింగానికి నలుగుపెట్టి, నీళ్లుపోసి, ఉగ్గుపెట్టి పెంచుతుంది. శివుడు ఆమెను పరీక్షించదలచి పసిబిడ్డలకు వచ్చే అంగిటి జబ్బు తెచ్చుకొన్నట్లు నటిస్తాడు. బిడ్డ పాలు తాగడం మానేస్తాడు. ఆ తల్లి ఏడుపులో స్తోత్రపద్ధతి ఏదీ లేదు. ఉన్నదంతా ఇంటిమాట. తెలుగు కావ్యభాషలో దేవునితో మాట్లాడే తీరు ఇంత దగ్గరగా రావడం అంతకుముందు కనిపించదు. ద్విపద నడకలో ఆ మాటలకు ఊపిరాడేంత చోటుంది. వృత్తపద్యంలో అది సాధ్యమయ్యేదా అన్నది అనుమానమే.

ఈ కథల్లో భక్తునికి ఎదురయ్యేది ఏమిటి? రాక్షసుడు లేడు, నాస్తికుడు లేడు, పరమతస్థుడు లేడు. ఎదురుగా ఉన్నది శివుడు, ఆయన పలకకపోవడం. శివుడు జంగమ వేషంలో వచ్చి బిడ్డ మాంసమడిగే సిరియాలుని కథలో ఈ ప్రతికూలత పరాకాష్ఠకు చేరుతుంది. అయితే అక్కడ పరీక్ష ముందుగానే తీర్చిదిద్దిన చట్రంలో జరుగుతుంది. సిరియాలుడు అనుమానపడడు, వాదించడు. అందుకే ఆ కథ భయపెడుతుంది గాని రుద్రపశుపతి కథలా మనసులో మెదలదు.

3. సాక్షి వచ్చినప్పుడు: గొడగూచి

ముగ్ధభక్తుల కథల్లో గొడగూచి కథకు ప్రత్యేకస్థానం ఉంది. ఇందులో మౌనం రెండుసార్లు వస్తుంది. రెండుసార్లూ దాని అర్థం వేరు.

ఊరికి వెళుతూ తండ్రి శివునికి పాలు నివేదించే పని కూతురికి అప్పగిస్తాడు. నివేదన అంటే చూపించి వెనక్కు తెచ్చుకోవడమని పసిపిల్లకు తెలియదు. శివుడు నిజంగా తాగుతాడనుకొంటుంది. గుడిలో పాలగిన్నె పెట్టి ఎదురుచూస్తుంది. శివుడు తాగడు. బుజ్జగిస్తుంది, బతిమాలుతుంది, తండ్రి కోప్పడతాడని ఏడుస్తుంది, ప్రాణం తీసుకొంటానంటుంది. శివుడు తాగుతాడు. ఇంతవరకు ఇది మిగతా ముగ్ధకథల దారిలోనే నడుస్తుంది.

తండ్రి తిరిగివచ్చి పాలేమయ్యాయని అడుగుతాడు. శివుడు తాగాడని పిల్ల చెబుతుంది. తండ్రి నమ్మడు. తన కళ్లముందు తాగించి చూపమంటాడు. పిల్ల మళ్లీ పాలు పెట్టి మళ్లీ వేడుకొంటుంది. ఈసారి శివుడు తాగడు. తండ్రి కొట్టబోతాడు. పిల్ల పరుగెత్తి లింగాన్ని కౌగిలించుకొని అందులో కలిసిపోతుంది. బయట మిగిలింది ఆమె జుట్టు మాత్రమే.

పిల్ల మాట మారలేదు, నమ్మిక మారలేదు, పాలు మారలేదు. మారింది ఒక్కటే: పక్కన చూసేవాడు ఒకడు చేరాడు. ప్రార్థన ఇద్దరి మధ్య మాటగా ఉన్నంతవరకు శివుడు పలికాడు. మూడోవానికి రుజువు చూపే పనిగా మారగానే మౌనం వహించాడు. ఆ రుజువు కూడా చివరికి వచ్చింది. కాని అది పిల్ల రుజువు చూపించి తిరిగి ఇంటికి పోయే విధంగా రాలేదు. రుజువు దొరికిన క్షణంలో నమ్మినవ్యక్తి లేదు. తండ్రి చేతికి దక్కింది ఒక జడ. శివుడు రెండోసారి ఎందుకు తాగలేదన్న ప్రశ్నకు సంప్రదాయం పిల్లను తనలో చేర్చుకోవడానికేనని సమాధానం చెబుతుంది. ఆ సమాధానం కథాఫలానికి సరిపోతుంది. తండ్రి చూపు పడిన చోటనే శివుడు ఎందుకు ఆగిపోయాడో అది చెప్పదు.

4. పందెం: ఏకాంతరామయ్య

ఇదే కావ్యంలో ఏకాంతరామయ్య కథ ఉంది. జైనులతో వాదం పెరిగి, శివుని ఆధిక్యాన్ని నిరూపించడానికి రామయ్య తన తల తానే నరుక్కొంటాడు. ఏడురోజుల తరువాత ఆ తల తిరిగి మొండేనికి అతుక్కొంటుంది. జైనులు ఓడిపోతారు. కథ చారిత్రక వ్యక్తికి సంబంధించినది. నేటి కర్ణాటకలోని హావేరి జిల్లా అబ్బలూరులో సుమారు 1200 నాటి శాసనం ఈ వృత్తాంతాన్ని వివరంగా చెబుతుంది. జె.ఎఫ్. ఫ్లీట్ దాన్ని ఎపిగ్రాఫియా ఇండికా ఐదో సంపుటిలో పరిష్కరించాడు. ఆ శాసనంలో బసవేశ్వరుని ప్రసక్తి లేకపోవడం ఫ్లీట్ కాలం నుండి చర్చనీయాంశంగా ఉంది. శైవ పునరుజ్జీవనానికి రామయ్యే అసలు నాయకుడన్నంత దూరం ఫ్లీట్ వాదన వెళ్లింది. బసవేశ్వరుని పేర్కొన్న 1260 నాటి అర్జునవాడ శాసనం తరువాతి కాలంలో వెలుగులోకి వచ్చిన మీదట ఆ వాదన బలం తగ్గింది.

శాసనం ప్రకారం రామయ్య అలందె నుండి వచ్చినవాడు. అబ్బలూరు బ్రహ్మేశ్వరాలయంలో అతడు శివధ్యానంలో ఉండగా సంకగావుండుని నాయకత్వంలో జైనులు వచ్చి వాదానికి దిగారు. తల నరికి శివునికి అర్పించి తిరిగి పొందితే జినబింబాన్ని తీసివేసి శివుని ప్రతిష్ఠించాలన్నది షరతు. దాన్ని తాటాకుపై రాయించుకొన్నారు. ఏడురోజుల తరువాత తల మచ్చ కూడా లేకుండా తిరిగి వచ్చింది. జైనులు మాటతప్పగా రామయ్య జినబింబాన్ని పగలగొట్టాడు. జైనులు బిజ్జలునికి ఫిర్యాదు చేశారు. రామయ్య మళ్లీ పందేనికి సిద్ధమన్నాడు, జైనులు ముందుకు రాలేదు. బిజ్జలుడు రామయ్యకు జయపత్రమిచ్చి, వీరసోమనాథాలయానికి భూదానం చేశాడు. తరువాత చాళుక్య నాలుగో సోమేశ్వరుడు, హానగల్లు కదంబ కామదేవుడు కూడా దానాలిచ్చారు.

ఇది ఎంతవరకు జరిగిందన్న ప్రశ్న ఇక్కడ అవసరం లేదు. ప్రార్థన ఇక్కడ ఏ రూపం తీసుకొందన్నదే అవసరం. వాదప్రతివాదులున్నారు. లిఖితపత్రం ఉంది. గడువుంది. ఓడినవారు చెల్లించవలసినది ముందే నిర్ణయమైంది. తీర్పరి రాజు. గెలుపుకు పత్రం, పత్రం వెంట భూమి. ముగ్ధభక్తుని ఏడుపుకు ఇందులో చోటు లేదు. రామయ్య శివునితో మాట్లాడే ప్రతిమాటనూ ప్రత్యర్థులు వింటున్నారు. ఆ మాట శివునికెంతో, వారికీ అంత. భక్తుని నమ్మిక లోకదృష్టికి అందే సాక్ష్యంగా మారింది. గొడగూచి విషయంలో తండ్రి ఒక్కడు చూస్తుంటేనే మౌనం వహించిన శివుడు ఇక్కడ ఊరంతా చూస్తుండగా ఏడురోజుల గడువుకు కట్టుబడ్డాడు.

ఈ రెండు వైఖరులను ఒకే కావ్యం ఎలా మోస్తుంది? సోమనాథుడు దీన్ని సమస్యగా గుర్తించిన దాఖలాలు కావ్యంలో కనిపించవు. ఆయన దృష్టిలో రెండూ శివమహిమలే. సేకరించిన కథలను ఏడు ఆశ్వాసాల్లో బసవేశ్వరుని జీవితమనే దారానికి గుచ్చడమే ఆయన పని. పురాణకర్త పనిగా అది సమంజసం. విమర్శ కూడా ఆయన వెంటే నడిచి రెండింటినీ ‘దృఢభక్తి’ అన్న ఒకే మాటతో ముడివేయడం మాత్రం సమంజసం కాదు. కావ్యశిల్పపరంగా చూసినా తేడా స్పష్టమే. పందెం కథల్లో ఫలితం మొదటే తెలుసు. తల తిరిగివస్తుందని శ్రోతకు తెలుసు, రామయ్యకు తెలుసు. అందుకే అక్కడ కవి వర్ణన మీద, ఆర్భాటం మీద ఆధారపడవలసి వచ్చింది. ముగ్ధకథల్లో తరువాతి మాట ఏమవుతుందో తెలియదు. ఆ తెలియనితనమే సోమనాథుని చేత ఉత్తమమైన ద్విపదలు రాయించింది.

పెరియపురాణంలోని నమినంది కథ ఈ రెండింటికీ మధ్యనున్న స్థితిని చూపుతుంది. తిరువారూరులో దీపాలకు నెయ్యి కావాలని నమినంది ఒక జైనుని ఇంట అడిగితే, చేతిలోనే అగ్ని ఉన్న మీ దేవునికి దీపమెందుకని ఎగతాళి ఎదురవుతుంది. ఇక్కడ పరమతస్థుడున్నాడు, అవమానం ఉంది. కాని పందెం లేదు. నమినంది జైనునితో వాదించకుండా గుడికి వెళ్లి శివుని ముందు కూలబడతాడు. కొలనులోని నీటితో దీపం వెలిగించమన్న మాట వినిపిస్తుంది, నీటితోనే దీపాలు వెలుగుతాయి. (మెట్టనేల పాఠకునికి ఇది రెండింతల అద్భుతం. నీళ్లుండటం ఒకటి, అవి వెలగడం మరొకటి.) ఎగతాళి చేసినవాడు ఆ సమయాన అక్కడ లేడు. అతనికి చూపడం కోసం దీపం వెలగలేదు.

5. ప్రత్యర్థి మౌనం: కొనకొండ్ల

పందెం కథలను ఇంతవరకు శైవుల వైపు నుండి చూడటం జరిగింది. కొనకొండ్ల వైపు నుండి చూస్తే మరొక విషయం బయటపడుతుంది.

కుందకుందాచార్యుని పేర ప్రసిద్ధమైన సమయసారం, ప్రవచనసారం, నియమసారం ప్రాకృత గ్రంథాలు. వాటిలో ఆత్మస్వరూప విచారణ ప్రధానం. జైన సిద్ధాంతం ప్రకారం జినుడు రాగద్వేషాలను జయించినవాడు. భక్తుని మొర విని దిగివచ్చేవాడు కాడు, వరమిచ్చేవాడు కాడు, కోపించేవాడు అసలే కాడు. జినుని స్తుతించడం ఆయనను కదిలించడానికి కాదు, స్తుతించేవాడు తనను తాను శుద్ధి చేసుకోవడానికి. యక్షయక్షిణుల ఆరాధన జనజీవితంలో ఉన్నమాట నిజమే అయినా, జినుని విషయంలో ఈ సూత్రం మారలేదు. అంటే జైనుల దృష్టిలో దైవమౌనం ప్రతికూలత కాదు. అదే దైవలక్షణం.

అబ్బలూరు షరతును ఈ వెలుగులో మళ్లీ చదవాలి. రామయ్య పణంగా పెట్టింది తల. జైనులు పణంగా పెట్టింది బింబం. దైవం జోక్యం చేసుకొంటుందా లేదా అన్నదే గెలుపోటములకు కొలత. జోక్యం చేసుకోని దైవాన్ని కొలిచేవారు ఈ కొలత కింద ఎన్నటికీ గెలవలేరు. శివుడు పలికితే రామయ్య గెలుస్తాడు, పలకకపోతే రామయ్య చనిపోతాడు. జినుడు పలకడమన్న అవకాశమే పందెంలో లేదు. ఆధ్యాత్మిక సంఘర్షణగా కావ్యమూ శాసనమూ చూపుతున్నది నిజానికి ప్రార్థన అంటే ఏమిటన్న విషయంలో రెండు మతాల అభిప్రాయభేదం. దాన్ని ఒక పక్షం నిర్వచనంతోనే తేల్చారు. కథలోని జైనులు పందెం ఎందుకు ఒప్పుకొన్నారన్న ప్రశ్నకు కథకుని దగ్గర సమాధానం లేదు, ఉండే అవకాశమూ లేదు. ఆ పాత్రలు జైన సిద్ధాంతం తెలిసిన జైనులు కారు. శైవుని ఊహలో ఓడిపోవడానికి నిలబెట్టిన జైనులు.

వింత ఏమిటంటే, గొడగూచి కథలో రెండోసారి పాలు తాగని శివుడు ఈ జైన భావనకు కొంత దగ్గరగా కనిపిస్తాడు. రుజువు కోరిన చూపు ముందు కదలని రూపం అది. బసవపురాణం జైనులను ఓడించానని చెప్పుకొన్న పుటలకు ఎంతో దూరం కాని పుటల్లోనే, ఓడినవారి ఆలోచనకు పొరుగున ఉన్న ఒక దృశ్యం ఉండిపోయింది. సోమనాథుడు ఉద్దేశించి పెట్టిందని చెప్పడానికి వీలు లేదు. మంచి కథకులకు తమ సిద్ధాంతం కన్నా కథ పెద్దదిగా పెరగడం అరుదైన సంగతి కాదు.

6. పూర్వపక్షం

ఈ పఠనానికి ఒక అభ్యంతరం రావచ్చు. పందెం కథలు అధికారం లేని సమాజం తనను తాను కూడగట్టుకోవడానికి చెప్పుకొన్న కథలని, చాకలి మడివాలు మాచయ్య మొదలుకొని కింది వృత్తులవారు రాజునూ పండితులనూ ఎదిరించే ధైర్యం వాటి నుండే వచ్చిందని, వాటిని ఈనాటి మతసామరస్య దృష్టితో తూచరాదని ఆ వాదం. ఇందులో బలం ఉంది. బిజ్జలుని కొలువులో బసవేశ్వరుని మీద పదేపదే పడిన నిందలు, ఖజానా దుర్వినియోగం చేశాడన్న ఫిర్యాదు, లెక్క చూస్తే సొమ్ము చెక్కుచెదరకుండా ఉండటం వంటి ఘట్టాల్లో బలహీనుడు బలవంతుని ముందు నిలబడే స్థితి ఉంది. అక్కడ రుజువు అడిగినవాడు రాజు. ఇవ్వక తప్పదు.

అబ్బలూరులో స్థితి అది కాదు. వాదం ముగిసేసరికి రాజు జయపత్రంతో రామయ్య పక్షాన ఉన్నాడు, వెంట మరో ఇద్దరు పాలకుల దానాలున్నాయి. బలహీనుని ప్రార్థనగా మొదలైనది రాజముద్రతో ముగిసింది. రెండు సందర్భాలనూ ఒకే తిరుగుబాటుగా చదివితే మాచయ్య ధైర్యానికే అన్యాయం జరుగుతుంది. దక్కనులో జైనం క్షీణించడానికి పందేలే కారణమనీ అనలేం. రాజాదరణ తగ్గడం, వర్తకశ్రేణుల మొగ్గు మారడం వంటివి అందులో పనిచేశాయి. కథ చరిత్రకు నివేదిక కాదు. కాని తరువాతి తరాలు చరిత్రను ఏ మాటల్లో గుర్తుంచుకోవాలో కథే నిర్ణయించింది. 1369లో భీమకవి బసవపురాణాన్ని కన్నడంలోకి తీసుకుపోవడంతో, ఆ తరువాత పిడుపర్తి సోమనాథుడు దాన్ని తెలుగులోనే పద్యకావ్యంగా మార్చడంతో ఆ మాటలు సరిహద్దుకు రెండువైపులా స్థిరపడ్డాయి. విడపనకల్లు వంటి ఊళ్లు ఆ సరిహద్దు మీదనే ఉన్నాయి.

కొనకొండ్ల దగ్గరి గుట్టను ఈనాడు రససిద్ధుల గుట్ట అంటారు. రాతిమీద చెక్కిన దిగంబర తీర్థంకరుల రూపాలు అక్కడ నిలబడే ఉన్నాయి. జినులన్న పేరు జనస్మృతి నుండి జారిపోయాక, లోహాన్ని బంగారంగా మార్చే రసవాదులుగా వారికి కొత్త కథ ఏర్పడింది. పలకని దేవతలకు ఊరివారు ఒక విద్యను అంటగట్టారు. దక్షిణాన గవిమఠంలో ఏటా రథం కదులుతుంది.